గడ్డకట్టే చలిలో పడవను రోడ్డు మీద, ఫెర్రీలో తరలించడం: పైన కప్పే తొడుగు ఎలాంటిది ఉండాలి?

ప్రశ్న:
నేను కొన్న ఏడు మీటర్ల ఫైబర్‌గ్లాస్ తెరచాప పడవ ప్రస్తుతం ట్రైలర్ మీద ఒక యార్డులో ఉంది. జనవరి చివరిలోగా ఆ యార్డు ఖాళీ చేయవలసి ఉన్నందున చలి తగ్గేవరకు ఆగే వీలు లేదు. మంచు పడే రోడ్డు మీద ఒక పగలు, ఆపై రాత్రి ఫెర్రీ (వాహనాలను దాటించే ఓడ), దిగిన తరువాత మళ్లీ కొంత రోడ్డు ప్రయాణం ఉంటుంది. ఉష్ణోగ్రత సున్నాకు 15 డిగ్రీల దిగువకు పోవచ్చు. లోపలి చిన్న డీజిల్ ఇంజిన్ నేరుగా సముద్రపు నీటితో చల్లబడే రకం. పడవను ప్లాస్టిక్ పొరతో బిగుతుగా చుట్టించాలా, టార్పాలిన్ సరిపోతుందా అన్నది నా సందేహం.

సమాధానం 1:
తొడుగు సంగతి తరువాత చూడవచ్చునండి, ముందు పడవలో నిలిచిన నీటిని చూడండి. నీరు గడ్డకట్టేటప్పుడు సుమారు 9 శాతం వ్యాకోచిస్తుంది. ఆ ఒత్తిడికి పోత ఇనుముతో చేసిన ఇంజిన్ బ్లాకు కూడా పగులుతుంది. ఇంజిన్ నడిపి యాంటీఫ్రీజ్ (చలికి గడ్డకట్టని ద్రవం) పీల్పిస్తే చాలుననుకుంటారు గాని, ఇంజిన్ చల్లగా ఉండి థర్మోస్టాట్ (వేడిని బట్టి నీటి దారిని తెరిచి మూసే వాల్వు) మూసుకొని ఉంటే ఆ ద్రవం బ్లాకులోకి సరిగా చేరదు. అందువల్ల మొదట బ్లాకులోని నీటిని అడుగున ఉండే మర బిరడా తీసి పూర్తిగా వదిలి, ఆ తరువాతే ప్రొపిలీన్ గ్లైకాల్ రకం యాంటీఫ్రీజ్ నింపండి. మంచినీటి గొట్టాలు, టాయిలెట్ పంపు, వాటర్ హీటరు కూడా ఖాళీ చేయాలి. పడవ అడుగున సముద్రపు నీటి దారులను మూసే బాల్ వాల్వులను చాలామంది మరచిపోతారు: పూర్తిగా మూసినా, తెరిచినా లోపలి గోళం చుట్టూ కొంత నీరు చిక్కుకొనే ఉంటుంది కనుక, పడవ ఒడ్డున ఉన్నప్పుడే వాటిని సగం తెరిచి ఆ నీటిని కారనివ్వండి.

రోడ్డు మీద ఎదురుగాలి పడవను బయటి ఉష్ణోగ్రతకన్నా ఎక్కువ చల్లబరచదు, కాని ఆ ఉష్ణోగ్రతకు చాలా త్వరగా చేరుస్తుంది. యార్డు నుంచి బయలుదేరేటప్పుడు గడ్డకట్టని నీరు ఫెర్రీ చేరేసరికి గడ్డకట్టవచ్చు.

సమాధానం 2:
పై సమాధానంతో ఏకీభవిస్తూ ఫెర్రీ గురించి చెబుతాను. పడవను ట్రైలర్‌కు కట్టే కట్లు, ట్రైలర్‌ను ఓడ డెక్కుకు కట్టే కట్లు వేర్వేరుగా ఉండాలి. సిబ్బంది గొలుసులను ట్రైలర్ చట్రానికి మాత్రమే తగిలించాలని, పడవ మీది ఏ కొక్కేనికీ తగిలించవద్దని వారికి ముందే చెప్పండి. పడవ బరువు కీల్ (పడవ అడుగున నిడివిగా ఉండే వెన్ను) మీద ఉండాలి. పక్క ఆధారాలు పడవ ఒరగకుండా ఆపడానికే. ఓడ ఊగినప్పుడు ట్రైలర్ స్ప్రింగులు కదిలి కట్లు వదులవుతాయి, పైగా చాలా ఫెర్రీలలో ప్రయాణ సమయంలో వాహనాల డెక్కుపైకి వెళ్లనివ్వరు. కనుక ఎక్కిన వెంటనే ఒకసారి, దిగడానికి ముందు మరొకసారి బిగించుకోవడమే మార్గం. తడిసిన పట్టీలు, వాటిని బిగించే రాచెట్లు గడ్డకట్టి మొరాయిస్తాయి. పొడి పట్టీలు అదనంగా ఉంచుకోండి. టికెట్ కొనేటప్పుడు ట్రైలర్ ముందు కొక్కెంతో సహా పొడవు, పడవ పైభాగం వరకు ఎత్తు, పడవలోని గ్యాస్ సిలిండర్, ఇంధనం వివరాలు చెప్పడం తప్పనిసరి అనుకోండి. వీలైతే మూసి ఉన్న డెక్కు అడగండి: తెరిచిన డెక్కు మీద సముద్రపు తుంపరలు పడవ మీదే గడ్డకడతాయి.

సమాధానం 3:
అసలు ప్రశ్నకు వస్తే, వేగంగా పోయే బండి మీద టార్పాలిన్ పనికిరాదని నా అభిప్రాయం. అది గాలికి కొట్టుకొని పడవ పైపూతను గీకేస్తుంది. బిగుతైన పొర మంచిదే, కాని లోపలి తేమ పోవడానికి గాలి రంధ్రాలు ఉండాలి. రోడ్డు మీద చల్లిన ఉప్పు ట్రైలర్ బ్రేకులకు, ఇరుసులకు చేసే హాని పడవకు చేసే హానికన్నా ఎక్కువ. గమ్యం చేరిన రోజే మంచినీటితో కడగండి.

ప్రశ్నించినవారు:
అందరికీ కృతజ్ఞతలు. రాత్రి ఆపినప్పుడు ట్రైలర్ చేతి బ్రేకు వేయాలా?

సమాధానం 2:
రోడ్డు పక్కన ఆపితే చక్రాలకు దిమ్మలు పెట్టి బ్రేకు వదిలేయండి, లేకుంటే తడి గడ్డకట్టి బ్రేకు పట్టాలు డ్రమ్ములకు అతుక్కుపోతాయి. ఫెర్రీలో మాత్రం సిబ్బంది వేయమన్నట్లే వేయాలి. అందుకే ఓడ ఎక్కేముందు చివరి దారిలో నెమ్మదిగా కొన్నిసార్లు బ్రేకు నొక్కి వాటిని ఆరనివ్వండి.