సొరాఫెనిబ్‌కు లొంగడం మానేసిన లివర్ క్యాన్సర్: తర్వాత ఏ మందు?

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి 64 ఏళ్లు. హెపటైటిస్ బి ముదిరి లివర్ క్యాన్సర్ అయింది. క్యాన్సర్ పెరగకుండా ఆపే మందు సొరాఫెనిబ్ ఇచ్చారు: 200 మిల్లీగ్రాముల మాత్రలు పొద్దున రెండు, రాత్రి రెండు. అరికాళ్లు బొబ్బలెక్కి, మెత్తటి గుడ్డ చుట్టుకుని గోడ పట్టుకుని నడిచేవారు. అయినా ఒక్క పూట మానలేదు. ఏఎఫ్‌పీ (లివర్ క్యాన్సర్‌లో తరచుగా రక్తంలో పెరిగే ప్రొటీన్) 900 నుంచి 210కి దిగింది. ఎనిమిదో నెలలో 1,400, స్కాన్‌లో కొత్త గడ్డ.

"కణాలు మందుకు అలవాటు పడ్డాయి" అన్నారు డాక్టరుగారు. నేను చదివినంతలో, క్యాన్సర్ కణం పెరగడానికి, కొత్త రక్తనాళాలు పుట్టడానికి సంకేతాలు వెళ్లే రాఫ్, వీఈజీఎఫ్ఆర్ అనే దారులను ఈ మందు మూస్తే, కణం ఈజీఎఫ్ఆర్, ఏకేటీ అనే పక్కదారులు పడుతుందట. రక్తనాళాలు తగ్గి ఆక్సిజన్ అందకపోయినా, ఆ కరువులో బతకడం నేర్చుకుంటుందట.

లివర్ క్యాన్సర్‌కు 2017లో అనుమతి వచ్చిన రెగోరాఫెనిబ్ అనే మందు కూడా దాదాపు అవే దారులు మూస్తుంది కదా, మరి ఇప్పుడు ఎలా పనిచేస్తుంది? ఏఎఫ్‌పీ 400 దాటినవాళ్లకు ఇచ్చే రాముసిరుమాబ్ అనే మందు మీ ఇంట్లో ఎవరైనా వాడారా? మళ్లీ బయాప్సీ (గడ్డ నుంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) చేయిస్తే ఏ దారి తెరుచుకుందో తెలుస్తుందా? కామెర్లు లేవు, పొట్టలో నీరు లేదు. గురువారం డాక్టరుగారిని కలవాలి. ఏం అడగాలో దయచేసి చెప్పండి.