68 కార్డులు ఉన్నాయి, ఎనిమిది తీయలేకపోతున్నాను: ఎరుపు-ఆకుపచ్చ డెక్‌పై సలహా కావాలి

ఎర్రమేఘం:
మ్యాజిక్ ది గ్యాదరింగ్ అనే కార్డుల ఆటలో మోడర్న్ ఫార్మాట్ (ఏ కార్డులు వాడవచ్చో చెప్పే పోటీ పద్ధతి) పోటీల కోసం ఎరుపు, ఆకుపచ్చ రంగులతో డెక్ (ఆడే కార్డుల కట్ట) కట్టుకున్నాను. మొత్తం 68 కార్డులు, అందులో 22 ల్యాండ్‌లు, అంటే మిగతా కార్డులు వేయడానికి కావలసిన మానా అనే శక్తినిచ్చే కార్డులు. పోయిన పోటీలో అయిదు మ్యాచ్‌లు ఆడి నాలుగు ఓడిపోయాను. సగం ఆటల్లో చేతిలో మంచి కార్డులున్నా వేయడానికి మానా లేదు. ఏది తీసేద్దామన్నా మనసు ఒప్పడం లేదు, ప్రతి కార్డూ ఎప్పుడో ఒకసారి నన్ను గెలిపించినదే. మీరు ఎలా తీస్తారు?

లెక్కలపెట్టె:
60 కంటే తగ్గకూడదని మాత్రమే నియమం చెబుతుంది, ఎక్కువైనా ఫరవాలేదు. అందుకే చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. 68లో 22 ల్యాండ్‌లు ఉంటే మొదటి ఏడు కార్డుల్లో ఒక్క ల్యాండ్ రావడమో, అసలు రాకపోవడమో 27 శాతం సార్లు జరుగుతుంది. అవే 22 ల్యాండ్‌లను 60లో పెట్టండి, 19 శాతానికి దిగుతుంది. 24కు పెంచితే 14. మీరు దురదృష్టం అనుకుంటున్నదానిలో చాలా భాగం డెక్ కట్టిన రోజే నిర్ణయమైపోయింది.

ఇంకొకటి. ఏ కార్డయినా నాలుగు ప్రతులకు మించి పెట్టకూడదు కదా (బేసిక్ ల్యాండ్‌లకు ఆ పరిమితి లేదు). 60లో నాలుగు ఉంటే మొదటి చేతిలో కనీసం ఒకటి వచ్చే అవకాశం 40 శాతం. రెండే ఉంటే 22. మీ పథకం ఒక కార్డు మీద ఆధారపడి ఉంటే దాన్ని రెండు పెట్టి ఊరుకోవద్దు.

పచ్చదారి:
మీ మాట నాకు బాగా అర్థమైంది, నేనూ ఏడాదిపాటు అక్కడే ఆగిపోయాను. గెలిపించిన కార్డు గుర్తుంటుంది, చేతిలో ఊరికే కూర్చున్న కార్డు గుర్తుండదు. అందుకని ఇరవై ఆటలు ఒక చిన్న పుస్తకం పక్కన పెట్టుకుని ఆడాను. ఆట ముగిసేసరికి వేయకుండా చేతిలో మిగిలిన కార్డు పేరు, ‘దీని బదులు ఇంకేదైనా వచ్చి ఉంటే’ అనిపించిన కార్డు పేరు రాసుకున్నాను. నాకెంతో ఇష్టమైన ఆరు మానాల డ్రాగన్ పేరు పదకొండుసార్లు వచ్చింది. మరునాడే తీసేశాను.

నిదానం:
పుస్తకం పద్ధతి మంచిదే. కానీ అంతకుముందు మీ డెక్ ఎన్నో టర్నుకు గెలవాలనుకుంటోందో ఒక్క వాక్యంలో రాయండి. నాలుగో టర్నుకల్లా అవతలి ఆటగాడికి మొదట ఉండే 20 ప్రాణాలను (పాయింట్లను) సున్నా చేయాలా, లేక ఆటను సాగదీసి పెద్ద జీవులతో నెగ్గాలా? రెండూ కావాలంటే రెండు పడవల మీద కాళ్ళు పెట్టినట్టే.

తర్వాత కార్డులన్నింటినీ మానా ఖర్చును బట్టి బల్ల మీద వరుసలుగా పేర్చండి. వేగంగా గెలవాల్సిన డెక్‌లో ఒకటి, రెండు మానాల వరుసలు పొడవుగా ఉండాలి. ప్రతి టర్నులో ఉన్న మానా అంతా వాడుకోవాలన్న ఈ ఆలోచన 1996 నాటి ‘స్లై’ అనే ఎర్ర డెక్‌తో పేరు తెచ్చుకుంది, ఇప్పటికీ పాతబడలేదు.

రంగులు కూడా చూసుకోండి. మొదటి టర్నులోనే లానోవార్ ఎల్వ్స్ అనే ఆకుపచ్చ జీవిని వేయాలంటే చేతిలో ఆకుపచ్చ మానా ఇచ్చే ల్యాండ్ ఉండాలి. 60లో అలాంటివి ఎనిమిదే ఉంటే మొదటి చేతిలో ఒకటైనా వచ్చేది 65 శాతం సార్లు. 14 ఉంటే 86. స్టాంపింగ్ గ్రౌండ్ అనే ల్యాండ్ రెండు రంగులూ ఇస్తుంది కాబట్టి నాలుగూ పెట్టండి. అది వచ్చిన వెంటనే వాడాలంటే రెండు ప్రాణాలు చెల్లించాలి, మీ డెక్‌కు అది భారం కాదు.

కోటగోడ:
సైడ్‌బోర్డ్ గురించి, అంటే ఆటల మధ్య డెక్‌లోకి మార్చుకోవడానికి పక్కన ఉంచుకునే కార్డుల గురించి ఎవరూ చెప్పలేదు. మూడింట రెండు గెలవాల్సిన మ్యాచ్‌లో రెండో ఆట నుంచి ఆ 15 కార్డులే మీ బలం. స్మశానం (వాడేసిన, చచ్చిన కార్డుల గుట్ట) మీద ఆధారపడే డెక్‌లను ఎదుర్కోవడానికి ఆ గుట్టను తొలగించే రెలిక్ ఆఫ్ ప్రొజెనిటస్ అనే కార్డు పెట్టుకోండి, ఏ రంగుకైనా సరిపోతుంది. ఏ డెక్ ఎదురైతే ఏవి తీసి ఏవి పెట్టాలో ఇంట్లోనే రాసుకోండి. పోటీలో ఆ తొందరలో నేను తీయకూడని కార్డు తీసి రెండుసార్లు ఓడిపోయాను.

ఎర్రమేఘం:
అందరికీ కృతజ్ఞతలు. మూడు వారాలు ఆడి వచ్చాను. ఇప్పుడు సరిగ్గా 60 కార్డులు, అందులో 22 ల్యాండ్‌లు. ఎల్వ్స్ కూడా మానా ఇస్తాయి కాబట్టి 24కు వెళ్ళలేదు. లైట్నింగ్ బోల్ట్ అనే ఎర్ర దెబ్బ కార్డును రెండు నుంచి నాలుగుకు పెంచాను. నిన్నటి పోటీలో అయిదింట మూడు గెలిచాను. ఒక్క సందేహం మిగిలింది. నా ముఖ్యమైన జీవి లెజెండరీ, ఒకేసారి ఒకటే బల్ల మీద ఉంచగలను. నాలుగూ పెట్టాలా, మూడు చాలా?

లెక్కలపెట్టె:
దాన్ని అవతలివాళ్ళు వెంటనే చంపేస్తున్నారా? అయితే నాలుగు. రెండోది చేతిలో సిద్ధంగా ఉంటుంది.

పచ్చదారి:
నేనైతే మూడే. రెండు కలిసి చేతికి వచ్చినప్పుడు రెండోది ఎన్ని ఆటల్లో వృథా అయిందో పుస్తకంలో రాయండి, పది ఆటలు చాలు. వివరాలు ఇక్కడ పెడితే కలిసి చూద్దాం.