పదడుగుల గదిలో మిక్సింగ్: ఇరవై వేలు స్పీకర్లకా, హెడ్‌ఫోన్లకా?

గది_పదడుగులు
కృష్ణానగర్‌లో అద్దె గది. పొడవు 10 అడుగులు, వెడల్పు 10, స్లాబు ఎత్తూ దాదాపు అంతే. ల్యాప్‌టాప్, రీపర్ (రికార్డింగ్ సాఫ్ట్‌వేర్), మైకును ల్యాప్‌టాప్‌కు కలిపే రెండు ఇన్‌పుట్ల ఇంటర్‌ఫేస్, ఒక కండెన్సర్ మైకు ఉన్నాయి. పాటల్లో ఉండేది గొంతు, డోలక్, వేణువు, కీబోర్డు ప్యాడ్లు (వెనక సాగే స్వరాలు). వీటిని కలిపి సర్దడమే మిక్సింగ్; దానికి చేతిలో 20,000 రూపాయలు. ఓనరు గోడకు మేకు కొట్టనివ్వడు. ఐదంగుళాల మానిటర్ల (మిక్సింగ్ స్పీకర్ల) జత కొనాలా, మంచి హెడ్‌ఫోన్లు కొనాలా? కారణం చెప్పండి చాలు, బ్రాండ్ల గొడవ వద్దు.

మోనో మావయ్య
హెడ్‌ఫోన్లే. ఆ కొలతలు చూశాక ఇంకో మాటే లేదు.

ధ్వని వేగం సెకనుకు 343 మీటర్లు. పదడుగులంటే 3.05 మీటర్లు. ఎదురెదురు గోడల మధ్య మొదటి అనునాదం (గది తనంతట తానే గట్టిగా మోగే స్వరం) ఎంతో తెలియాలంటే 343ని ఆ దూరానికి రెట్టింపైన 6.1తో భాగించాలి: 56 హెర్ట్జ్. దాని రెట్టింపు 112. పొడవు, వెడల్పు, ఎత్తు వేరువేరుగా ఉంటే ఈ మోతలు తలో చోట పడి కాస్త సర్దుకునేవి. మీ గది పాచికలా ఉంది, మూడూ ఒకే చోట పడ్డాయి.

అనుమానముంటే ఆడాసిటీ సాఫ్ట్‌వేర్లో 56 హెర్ట్జ్ టోన్ తయారుచేసి, ఊఫర్ ఉన్న ఏ స్పీకర్లోనైనా వేసి గదిలో నడవండి. గోడ దగ్గర గుంయ్‌మంటుంది, నడిమధ్యకొచ్చేసరికి మాయమవుతుంది. 112 వేస్తే మధ్యలో మళ్లీ మోగుతుంది. మధ్యలో కుర్చీ వేసుకున్నవాడు ఏం చేస్తాడు? 56 వినపడట్లేదని ఈక్యూలో (ఒక్కో హెర్ట్జ్ దగ్గర మోతను విడిగా పెంచి తగ్గించేది) 4 డీబీ, అంటే డెసిబెల్స్, లేపుతాడు. 112 ఎక్కువైందని 4 డీబీ కోస్తాడు. ఆ పాట కారులో పెడితే అడుగున ఒకటే దడదడ, డోలక్‌కేమో ఒళ్లే ఉండదు.

కోఠి కేబుల్
లెక్క మంచిగనే ఉంది మావయ్యా, గానీ సగమే చెప్పినవ్. కుర్చీ నడిమిట్ల ఎవడేస్కోమన్నడు? ముందు గోడ నుంచి 38 శాతం దూరం, అంటే 3.8 అడుగుల కాడ కూసుంటె 56 మొత్తానికి పోదు, 112 జెర తగ్గుతది.

ఇగ హెడ్‌ఫోన్ల సంగతి. ఎడమ స్పీకర్ సప్పుడు కుడి చెవికి గూడ పోతది. రెండు సప్పుళ్లు కొద్దిగ వెనకాముందు అయితయి కాబట్టి నడిమిట్ల పెట్టిన గొంతుకు 2 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల చిన్న గుంత పడుతది. హెడ్‌ఫోన్లల్ల గా గుంత ఉండదు. మాట అద్దం లెక్క వినొస్తది, గొంతు చాలనుకొని ఫేడర్ (సప్పుడు పెంచి దించే పట్టీ) దించుతరు. గదే పాట హాల్ల స్పీకర్లల్ల పెడ్తె గొంతు ప్యాడ్ల కింద మునుగుతది. ప్యానింగ్ (ఎడమకా కుడికా అని సప్పుడు పంచుడు) గూడ గంతే: హెడ్‌ఫోన్లల్ల మొత్తం ఎడమకు తిప్పిన షేకర్ (గలగల వాద్యం) చెవిల గుచ్చుకుంటదని సగం లోపలికి తెస్తరు, స్పీకర్లల్ల అది గొంతు మీదికొచ్చి కూసుంటది.

ఐదున్నర శ్రుతి
గొంతు మునగడానికి తెలుగు వల్ల వచ్చే కారణం ఇంకోటుంది. మన మాట ఎక్కువగా అచ్చుతో ముగుస్తుంది. పాదం చివర ఆ ‘అ’నో ‘ఉ’నో సరిగ్గా ఊపిరి అయిపోయే చోట పడుతుంది. హెడ్‌ఫోన్లలో అది స్పష్టంగా వినిపిస్తుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు. ఫోన్ స్పీకర్లో, పక్కన ఆటో వెళ్తుండగా వింటే ‘వెన్నెల్లో’ కాస్తా ‘వెన్నెల్’ అయి ఊరుకుంటుంది. ఇది కంప్రెసర్ (గట్టి చోట్లను తగ్గించి గొంతును సమం చేసేది) ఒక్కదానితో పోదు. ముందు ఐటమ్‌ను (రీపర్‌లో రికార్డైన ముక్కను) చివరి అక్షరం దగ్గర కోసి ఆ ముక్కను 2 డీబీ పెంచండి, ఆ తర్వాతే కంప్రెసర్: 3:1, అటాక్ 15 మిల్లీసెకన్లు, రిలీజ్ 80, తగ్గింపు చూపే సూది 4–5 డీబీ దిగితే చాలు. అప్పుడు శ, ష, సలు పైకి లేస్తాయి. వాటికి 5 నుంచి 8 కిలోహెర్ట్జ్ మధ్య డీఎస్సర్ (ఆ ‘స’ శబ్దాలనే తగ్గించేది) పెట్టాలి. ఈక్యూతో మొత్తం కోస్తే వేణువు పక్కన గొంతు దుప్పటి కప్పుకున్నట్టుంటుంది.

వీడియోల్లో చెప్పే ‘గొంతుకు 100లో హైపాస్’ (100 హెర్ట్జ్ కింది మోతను కోసే ఫిల్టర్) కూడా గుడ్డిగా పెట్టకండి. ఒకటిన్నర శ్రుతిలో పాడే మగగొంతుకు మంద్ర పంచమం (కింది స్థాయి ‘ప’) 104 హెర్ట్జ్. నిటారు ఫిల్టర్ 100లో పెడితే ఆ స్వరం కాళ్లు నరికినట్టే. 70 చాలు. ఐదున్నరలో పాడే ఆడగొంతుకు మంద్ర పంచమం 156 దగ్గర కాబట్టి 110 దాకా వెళ్లొచ్చు.

మోనో మావయ్య
కేబుల్ తమ్ముడు చెప్పిన 2 కిలోహెర్ట్జ్ మాట నిజమే, ఒప్పుకుంటాను. కానీ దానికి మందుంది. ఒక చిన్న స్పీకర్, ఒక్కటే, పాత బ్లూటూత్ డబ్బా అయినా సరే, మోనోలో (ఎడమా కుడీ ఒకటిగా కలిపి) పెట్టి మెల్లగా మోగించి గొంతు ఫేడర్ అక్కడే నిర్ణయించండి. ఒక్క స్పీకరే కాబట్టి ఆ గుంత ఉండదు, ప్యానింగ్ మోసమూ ఉండదు. గొంతు, ప్యాడ్లు కలిసి ఒకే రంధ్రంలోంచి రావాలి, మాట అర్థం కావాలి. వెడల్పు కోసం వాడిన కోరస్ ఎఫెక్ట్ మోనోలో చచ్చిపోతే అదీ ఇక్కడే తెలుస్తుంది. డోలక్ ఎడమ మూత అసలు వినపడకపోతే 80 హెర్ట్జ్ పెంచి లాభం లేదు, ఆ డబ్బాకు అది పలకదు. కొంచెం శాచురేషన్ (శబ్దానికి కాస్త గరుకు చేర్చేది) వేసి 200–300 దగ్గర పైస్వరాలు పుట్టించండి, చెవి మిగతాది ఊహించుకుంటుంది.

కొనేటప్పుడు చూడాల్సింది: మిక్సింగ్‌కు కప్పుల వెనక తెరిచి ఉన్న హెడ్‌ఫోన్లు. పాడేటప్పుడు మూసినవే, లేకపోతే మెట్రోనోమ్ టిక్కుటిక్కులు మైకులోకి కారతాయి. యూఎస్‌బీ కరెంటు మీదే నడిచే ఇంటర్‌ఫేస్ 250 ఓమ్‌ల హెడ్‌ఫోన్లను సరిగా మోగించలేకపోవచ్చు, 80 లోపు తీసుకోండి. హెడ్‌ఫోన్ల లోపాన్ని సరిదిద్దే కరెక్షన్ ఈక్యూ వాడితే రీపర్‌లో మాస్టర్ (పాట మొత్తం వెళ్లే చివరి ట్రాక్) మీద కాదు, మీకు వినపడేదాన్నే మార్చే మానిటరింగ్ ఎఫ్‌ఎక్స్‌లో పెట్టండి. మాస్టర్ మీద మర్చిపోతే అది పాటతో పాటే రెండర్ అయి ఫైల్లోకి వెళ్లిపోతుంది, తర్వాత ట్రెబుల్ ఎక్కడికి పోయిందని వెతుక్కోవాలి.

రిఫరెన్స్ పాటను (పోలికకు పెట్టుకున్న పాటను) 6–8 డీబీ దించి, మీ మిక్స్‌తో సమాన శబ్దానికి తెచ్చాకే పోల్చండి. గట్టిగా మోగేది ఎప్పుడూ బాగున్నట్టే ఉంటుంది.

తొప్పి
ఇద్దరూ వస్తువుల దగ్గరే ఆగారు. ఆ డబ్బులో సగం రాక్‌వూల్‌కు (మోతను పీల్చే రాతి ఉన్ని పలకలకు) పెట్టాలి.

ఘనపు మీటరుకు 48 కేజీల సాంద్రత, 50 మిల్లీమీటర్ల పలకలు, 4 బై 2 అడుగులవి, సికింద్రాబాద్ రాణీగంజ్ ఇన్సులేషన్ షాపుల్లో అడగండి. రెండేసి కలిపితే నాలుగంగుళాల మందం. చెక్క ఫ్రేము, నోటితో ఊదితే గాలి అవతలికి పోయే గుడ్డ, కింద అడ్డకాళ్లు. మేకుతో పనిలేదు. గోడకు నాలుగంగుళాల ఖాళీ వదిలి నిలబెట్టాలి. కోసేటప్పుడు చేతికి తొడుగులు, ముఖానికి మాస్కు తప్పనిసరి. కోడిగుడ్ల అట్టలు మాత్రం గుడ్లకే ఉంచండి.

కేబుల్ అన్నా, దీంతో 56 హెర్ట్జ్ పోదు సుమా. దాన్ని పీల్చడానికి చూడాల్సిన పావు తరంగమే (అల పొడవులో నాలుగో వంతు) అయిదడుగులు. నాలుగంగుళాల పలక పనిచేసేది 150–200 నుంచి పైకి. అందుకే ఈ గదికి స్పీకర్లు వద్దంటున్నది.

కోఠి కేబుల్
56 పోదు, ఒప్పుకుంట. ఐదంగుళాల ఊఫర్ గూడ గాడ పెద్దగ పలకదు, లొల్లి తక్కువే. అసలు లొల్లి వేరే ఉంది: స్పీకర్ ముఖం గోడకు అడుగు దూరంల ఉంటె గోడకు తాకి తిరిగొచ్చే సప్పుడు 281 హెర్ట్జ్ కాడ ఎదురు తన్ని గుంత చేస్తది, గొంతు ఛాతి గాడనే ఉంటది. స్పీకర్‌ను గోడకు ఆనిచ్చి, వెనక ఉన్న బాస్ స్విచ్ దించితె ఆ గుంత పైకి జరుగుతది, గాడ నీ పలకలు పనిచేస్తయి. గట్ల పెట్టి చూడకుండనే స్పీకర్లు వద్దనుడు నాకు నచ్చదు. ఎనిమిది గంటలు చెవులు మూస్కొని మిక్స్ చేసుడు ఎవ్వరి వల్ల గాదు.

గది_పదడుగులు
హెడ్‌ఫోన్లు, నాలుగు పలకలు అనుకుంటున్నాను. స్పీకర్లు తర్వాత చూస్తా. పాడేటప్పుడు ఆ పలకలు మైకు వెనకా, పాడేవాళ్ల వెనకా? ఫ్యాన్ మాటేమిటి?

తొప్పి
పాడేవాళ్ల వెనక. కార్డియాయిడ్ మైకు ముందువైపే వింటుంది, అంటే గొంతుతో పాటు ఆ మనిషి వెనకున్న గోడను కూడా. రెండు పలకలు వీపు వెనక ‘వి’ ఆకారంలో, మిగతా రెండు చెరో పక్కన. మిక్సింగ్‌కు కూర్చున్నప్పుడు హెడ్‌ఫోన్లకు అవి అక్కర్లేదు కాబట్టి కదిలించే పనిలేదు. మైకుకు జానెడు దూరం, మధ్యలో పాప్ ఫిల్టర్.

ఫ్యాన్ ఆపాల్సిందే. దాని గుర్రుమనే మోత హైపాస్‌తో చాలావరకు పోతుంది, కానీ రెక్కలకు తగిలి తిరిగొచ్చే గొంతు సన్నగా వణుకుతుంది, అది ఏ ప్లగిన్‌తోనూ పోదు. మే నెలైతే ఒక్కో చరణం పాడించి ఫ్యాన్ వేయండి, ఆగాక రెక్కలు పూర్తిగా నిలిచేదాకా రికార్డ్ నొక్కకండి.