అమ్మకి ముక్కు పైపు ద్వారా రోజుకి 400 మి.లీ. మాత్రమే ఇస్తున్నారు, ఇది సరిపోతుందా?

చిన్నకూతురు:
అందరికీ నమస్తే. ఎవరికైనా అనుభవం ఉంటే చెప్పండి ప్లీజ్, రెండు రోజుల్నుంచి కంటి మీద కునుకు లేదు. అమ్మకి 63 ఏళ్ళు, వారం క్రితం స్ట్రోక్ వచ్చింది, కుడి చెయ్యి కాలు పడిపోయాయి, మింగడం అస్సలు రావట్లేదు, చెంచాడు నీళ్ళు పట్టినా పొలమారిపోతోంది. స్ట్రోక్‌కి ముందు కూడా నాన్న పోయిన దిగులుతో మూడు నెలలుగా సరిగ్గా తినేది కాదు, 54 కిలోలు ఉండే మనిషి ఇప్పుడు 41. మొదటి ఐదు రోజులు సెలైన్ మీదే ఉంచారు. మొన్న రైల్స్ ట్యూబ్ (ముక్కులోంచి పొట్టలోకి వేసే సన్న పైపు) వేసి ఫీడ్, అంటే పైపులో పోసే ద్రవాహారం, మొదలుపెట్టారు, హమ్మయ్య అనుకున్నా, తీరా చూస్తే రోజు మొత్తానికి 400 మి.లీ. అంట, అదీ పంపు మీద గంటకి 17 మి.లీ. చొప్పున. పక్కన కూర్చుని ఆ పైపు వంకే చూస్తున్నా, ఒక బొట్టు దిగి ఇంకో బొట్టు దిగేలోపు నా ప్రాణం పోతోంది. పైగా రోజూ రక్తం తీస్తున్నారు. అన్నయ్య డ్యూటీ డాక్టర్‌తో గొడవ పెట్టుకున్నాడు, మనిషిని కడుపు మాడ్చి చంపుతారా అని. ఇంటికి తీసుకెళ్ళాక మనమే మిక్సీ పట్టి కడుపు నిండా పోద్దాం అంటున్నాడు. నాకేమో భయం. ఇంత తక్కువ ఇవ్వడం కరెక్టేనా?

వార్డు డైటీషియన్:
అమ్మా, ముందు మీరు కాస్త ఊపిరి పీల్చుకోండి. వాళ్ళు చేస్తున్నది కరెక్టే, ఇంకా చెప్పాలంటే జాగ్రత్తగా చేస్తున్నారు. లెక్క చూడండి, మామూలు ఫీడ్‌లో మిల్లీలీటరుకి ఒక కిలోక్యాలరీ ఉంటుంది, అమ్మగారి బరువు 41, అంటే కిలోకి దాదాపు 10 కిలోక్యాలరీలు. చాలా రోజులు తిండి లేక చిక్కిపోయినవాళ్ళకి మొదలుపెట్టే మోతాదు సరిగ్గా అదే. మరీ ఎముకల గూడైపోయిన వాళ్ళకైతే 5తో మొదలుపెడతాం.

ఎందుకంటే రీఫీడింగ్ సిండ్రోమ్ అని ఒకటుంది. రోజుల తరబడి తిండి లేకపోతే ఒళ్ళు తన కొవ్వునీ కండనీ కరిగించుకుని నడుస్తుంది, ఇన్సులిన్ బాగా తగ్గిపోతుంది, లోపల ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం నిల్వలు ఖాళీ అయిపోతాయి, కానీ రక్త పరీక్షలో మాత్రం నార్మల్‌గానే కనిపించొచ్చు, మోసం అక్కడే ఉంది. ఆ స్థితిలో ఒక్కసారిగా తిండి పడితే ఇన్సులిన్ లేస్తుంది, అది రక్తంలో మిగిలిన ఆ కాస్త లవణాల్ని కూడా కణాల్లోకి లాగేస్తుంది. ఫాస్ఫేట్ పడిపోతే ఊపిరి తీసే కండరాలు పనిచెయ్యవు, పొటాషియం పడిపోతే గుండె లయ తప్పుతుంది, ఒంటికి నీరు పడుతుంది. రెండో ప్రపంచయుద్ధం చివర్లో చెరలోంచి బయటపడ్డ ఖైదీలు ఎంతోమంది ఇలాగే, ఆకలికి కాదు, తిండి దొరికాక చనిపోయారు. నాకు ఈ సంగతి చదివినప్పుడల్లా గుండె పిండేసినట్టు ఉంటుంది.

రోజూ రక్తం తీసేది ఈ ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం చూడటానికే, ఆపమని అడక్కండి. మీరు అడగాల్సింది థయామిన్ ఇచ్చారా అని. బీ1 విటమిన్ అది, ఫీడ్‌కి ముందే మొదలవ్వాలి, అది లేకుండా చక్కెర ఒంట్లోకి వెళ్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. రిపోర్టులు నిలకడగా ఉంటే నాలుగు నుంచి ఏడు రోజుల్లో మెల్లగా పెంచుకుంటూ కిలోకి 25, 30 దాకా తీసుకెళ్తారు, అంటే అమ్మగారికి రోజుకి 1000 పైన. అన్నయ్యగారికి కూడా ఇది చదివి వినిపించండి, ఆయన కోపం వెనకున్నది ప్రేమే, నాకు తెలుసు.

ఇంటిమాట:
మా మామగారికి ఇంట్లో వండినదే మెత్తగా మిక్సీ పట్టి వడగట్టి పోసేవాళ్ళం అండి, ఏమీ కాలేదు. డబ్బా పొడుల కన్నా అదే బలం అని నా అభిప్రాయం.

నైట్ డ్యూటీ సిస్టర్:
ఇంటిమాట గారూ, మీ మామగారికి బాగానే జరిగింది, సంతోషం. కానీ ఈ అమ్మగారికి వద్దు అనే చెప్తాను. రైల్స్ ట్యూబ్ సన్నగా ఉంటుంది, చిక్కగా ఉన్నది పోస్తే మూసుకుపోతుంది, పారేలా పల్చన చేస్తే పొట్ట నిండుతుంది గానీ బలం ఉండదు, పైగా ఎన్ని క్యాలరీలు వెళ్తున్నాయో లెక్క తెలీదు. ఈ అమ్మగారికి ఇప్పుడు ఆ లెక్కే ముఖ్యం. పొట్టకి నేరుగా వేసే లావు గొట్టం ఉన్నవాళ్ళకి డైటీషియన్ చెప్పినట్టు ఇంటి తిండి ఇవ్వడం వేరే సంగతి.

చిన్నకూతురు గారూ, ఇంటికి పంపేముందు సిస్టర్‌ని పక్కన నిలబెట్టుకుని మీ చేత్తో రెండు మూడు సార్లు ఫీడ్ పెట్టండి, చూసి నేర్చుకున్నది ఇంటికెళ్ళాక గుర్తుండదు. ముక్కు దగ్గర ట్యూబ్ మీద సెంటీమీటర్ల నంబర్ ఉంటుంది, దాన్ని రాసి మంచం దగ్గర అంటించండి, ప్రతి ఫీడ్‌కి ముందు చూడండి, నంబర్ మారిందంటే ట్యూబ్ జరిగినట్టే, ఇక చుక్క కూడా పొయ్యొద్దు. సిరంజితో లోపలి నీరు కొంచెం లాగి పీహెచ్ కాగితం (ఆమ్లం ఎంతుందో చూపించేది) మీద వేస్తే 5.5 లేదా అంతకన్నా తక్కువ రావాలి, అప్పుడే ట్యూబ్ పొట్టలో ఉన్నట్టు. అసిడిటీ మందులు వాడుతుంటే అది ఎక్కువ చూపించొచ్చు, అనుమానం ఉంటే ఎక్స్‌రేనే. గాలి కొట్టి స్టెతస్కోప్ పెట్టి బుడబుడ శబ్దం వింటే చాలు అని ఇప్పటికీ కొందరు చెప్తారు, దాన్ని నమ్మొద్దు, ట్యూబ్ ఊపిరితిత్తిలో ఉన్నా అలాంటి శబ్దమే రావొచ్చు.

తల వైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉంచాలి, ఫీడ్ అయ్యాక కూడా కనీసం అరగంట, గంటైతే ఇంకా మంచిది. వెల్లకిలా పడుకోబెట్టి మాత్రం పొయ్యొద్దు. ముందూ వెనకా 30 మి.లీ. నీళ్ళు. మందులన్నీ కలిపి నూరి పొయ్యకండి, ఒక్కోటి విడిగా, మధ్యలో నీళ్ళతో. మెల్లగా విడుదలయ్యే మాత్రలు, కోటింగ్ ఉన్నవి అసలు నూరకూడదు, సిరప్ దొరుకుతుందేమో అడగండి. విరేచనాలు పడితే వెంటనే ఫీడ్ పడలేదని ఆపేస్తారు చాలామంది, నేను చూసినవాటిలో చాలాసార్లు కారణం యాంటీబయాటిక్సో, సిరప్పుల్లో తీపికి వేసే సార్బిటాలో. ట్యూబ్ మూసుకుంటే గోరువెచ్చని నీళ్ళతో సిరంజి మెల్లగా తోసి లాగండి, తీగ దూర్చొద్దు. ఫీడ్ మధ్యలో దగ్గొచ్చినా, ఆయాసం వచ్చినా, పెదాలు నీలంగా మారినా ఆపేసి హాస్పిటల్‌కి.

రెండేళ్ళ తోడు:
మా ఆవిడకి రెండేళ్ళుగా పొట్ట గొట్టం ఉంది, పెగ్ అంటారు. మీకు కూడా ఎవరో ఒకరు వెంటనే పెగ్ వేయించెయ్యమంటారు, తొందరపడకండి. స్ట్రోక్ వచ్చిన కొత్తలో ముక్కు ట్యూబే మేలని 2005లో వచ్చిన పెద్ద ట్రయల్‌లో తేలింది, ఫుడ్ ట్రయల్ అని దాని పేరు, మా న్యూరాలజిస్ట్ చెప్పారు. స్ట్రోక్ పేషెంట్లలో చాలామందికి కొన్ని వారాల్లో మింగడం తిరిగొస్తుంది. నాలుగు నుంచి ఆరు వారాలైనా రాకపోతే అప్పుడు పెగ్ గురించి మాట్లాడతారు. ఈలోపు స్పీచ్ థెరపిస్ట్‌తో మింగుడు పరీక్ష చేయించండి, వాళ్ళు సరే అనేదాకా నోట్లో చుక్క కూడా వెయ్యొద్దు, పాపం దాహం అని కళ్ళతో అడుగుతారు, అప్పుడు మనసు గట్టి చేసుకోవాలి.

ఒక్కటి ఎవరూ చెప్పలేదు, నోరు. నోటితో తినకపోతే నోరు శుభ్రంగా ఉంటుందనుకున్నాం మేము. పదో రోజు చూస్తే నాలుక మీద తెల్లగా అట్టకట్టి పెదాలు చీలి ఉన్నాయి, ఆ ఉమ్మి లోపలికి జారే న్యుమోనియా వచ్చిందన్నారు. అప్పట్నుంచి రోజుకి మూడుసార్లు మెత్తటి బ్రష్, నీళ్ళు పిండేసిన గాజుగుడ్డ, పెదాలకి క్రీమ్. ఫీడ్ పెట్టేటప్పుడు గబగబా పోసేసి వెళ్ళిపోవద్దు, సిరంజి పైకి పట్టుకుని దానంతటదే దిగనివ్వండి, ఇరవై నిమిషాలు పడుతుంది, ఆ ఇరవై నిమిషాలు ఆవిడతో కబుర్లు చెప్పండి. మా ఆవిడ మాట్లాడలేదు గానీ ఆ టైంకి నా చెయ్యి పట్టుకుంటుంది.

చిన్నకూతురు:
అందరికీ చేతులెత్తి దండం. డైటీషియన్ గారూ, మీరు చెప్పినట్టే అడిగాను, థయామిన్ ఫీడ్‌కి ముందే ఇచ్చారంట, చార్ట్‌లో చూపించారు. నిన్నటి రిపోర్ట్‌లో ఫాస్ఫేట్ కొంచెం తగ్గిందని దానికి సెలైన్‌లో మందు పెట్టారు, అందుకే ఈరోజు పెంచలేదంట. మొన్నైతే ఈ మాటకి నేనూ గొడవపడేదాన్నే. అన్నయ్యకి ఈ పేజీ మొత్తం చదివి వినిపించాను, ఏం మాట్లాడలేదు, కాసేపయ్యాక వెళ్ళి ఆ డ్యూటీ డాక్టర్‌కి సారీ చెప్పొచ్చాడు. ఇప్పుడు అమ్మ నోరు తుడవడం సిస్టర్ దగ్గర నేర్చుకుంటున్నాడు. ముక్కు దగ్గర నంబర్ 55, రాసి అంటించాం.