పాత ఓడ చార్టుల మీద లినో అచ్చులు: సిరా ఆరట్లేదు, ఇంకో గొడవ కూడా ఉంది

అటకసరుకు, మల్కాజిగిరి:

మా చిన్న మామయ్య ఇరవై రెండేళ్లు సరుకు ఓడల మీద తిరిగి ఛీఫ్ మేట్‌గా దిగిపోయాడు. ఇప్పుడు మా పైవాటాలో ఉంటాడు. 2012 నుంచి 2018 దాకా పెద్ద ఓడలకు విడతలవారీగా తెర మీది చార్టులు, అంటే ఓడ నడపడానికి వాడే సముద్ర పటాలు, తప్పనిసరి చేశారు కదా, అప్పుడు పారేయబోయిన కాగితం చార్టులు పదకొండు చుట్టగా చుట్టి ఇంటికి తెచ్చుకున్నాడట. అవి మా అటక మీద మామిడికాయ జాడీల వెనక దొరికాయి. నేను బడిలో డ్రాయింగ్ చెప్తాను, లినో అనే మెత్తటి పలక మీద బొమ్మ చెక్కి అచ్చు వెయ్యడం ఇష్టం. వీటి మీద లంగరు, తెప్ప, పీత, దీపస్తంభం అచ్చులు వేద్దామని మొదలుపెట్టాను.

ముందు బడిలో వాడే నీటి సిరా వాడాను. తామరాకు మీద నీళ్లలా బొట్లుబొట్లుగా విడిపోయింది. కాగితం కూడా అప్పడంలా లేచింది. తర్వాత ఛత్తాబజార్ వెళ్లి పావుకిలో నల్ల ఆఫ్‌సెట్ సిరా కొన్నాను. పెళ్లిపత్రికల వాళ్ల మధ్య నిలబడి పావుకిలో అడిగితే కొట్టాయన నన్ను ఎగాదిగా చూశాడు. అచ్చు బ్రహ్మాండంగా పడింది. కానీ ఆదివారం వేసినది బుధవారం కూడా వేలికి అంటుకుంటోంది.

రెండోది. లంగరు వేసిన చోట బంగాళాఖాతం మధ్యలో 2,840 అనే లోతు అంకె ఉంది. అంకె సిరా కింద మునిగిపోయింది. మామయ్య వచ్చి చూసి, "ఇంత లోతులో ఎవడేస్తాడే లంగరు?" అన్నాడు. తమాషాకే అన్నాడు గానీ అప్పటినుంచి నాకు చెయ్యి ఆడటం లేదు. ఇన్నాళ్లూ అందమైన పాత కాగితం అనుకున్నాను. దాని మీద ప్రతి అంకెకీ అర్థం ఉందని, బొమ్మ ఎక్కడ పడితే అక్కడ కూర్చోదని అప్పుడు తట్టింది. పైగా ఓడ వెళ్లిన దారికి ఆయన గీసిన పెన్సిల్ గీతలు, ఓడ ఎక్కడుందో గుర్తుపెట్టి టైము రాసిన చిన్న సున్నాలు అలాగే ఉన్నాయి. వాటి మీద ఎలా వెయ్యను?

వీటిని అమ్మొచ్చా అనేది కూడా ఎవరైనా చెప్పండి.

సాగర్‌గట్టు:

హైదరాబాద్‌లో సముద్రమా తల్లీ! హుస్సేన్‌సాగర్‌కి చార్టు ఉంటే చెప్పు, బుద్ధుడి చుట్టూ లోతెంతో చూద్దాం.

అటకసరుకు:

నవ్వండి. దేశం మొత్తానికి సునామీ హెచ్చరిక వెళ్లేది మన ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రం నుంచే.

సిరాడబ్బా:

అక్కా, నేను ప్రెస్సుల పని జేస్త. సిరా తప్పు గాదు, కాగితం కథ అది. ఆఫ్‌సెట్ సిరా కొంత కాగితంల ఇంకుతది, కొంత గాలికి గట్టిపడ్తది. చార్టు మీద పెన్సిల్‌తో గీసుడు, రబ్బరుతో చెరుపుడు, మళ్ల గీసుడు ఉంటది గద, అందుకే ఆ కాగితాన్ని గట్టిగ జేస్తరు. ఇంకదు. ఇగ గాలే దిక్కు. గా గాలి గూడ వానాకాలంది.

సిరా జల్ది ఆరనీకి డ్రయర్ అని చిన్న డబ్బా దొరుకుతది. వంద గ్రాముల సిరాకు రెండు గ్రాములు, అంతకు మించొద్దు. ఎక్కువ పోస్తే అద్దం మీదనే తోలు కడ్తది. సిరా పల్చగ పరువు. రోలర్ తిప్పితే సన్నగ సర్రుమనాలె. పచ్ పచ్ అన్నదంటే ఎక్కువ పెట్టినవన్నట్టు. నీది పచ్ పచ్ అని ఉంటది, పందెం.

అంకెలు కనబడాల్నంటే ట్రాన్స్‌పరెంట్ వైట్ అడుగు. పేరుకే వైట్, రంగేం ఉండదు. మూడు పాళ్లు అది, ఒక పాలు నీలం. కింద అచ్చు అద్దంల లెక్క కనబడ్తది. ఆరేదాక ఒకదాని మీద ఒకటి పేర్చకు, తీగెకు క్లిప్పులు పెట్టి ఏలాడదియ్యి.

పెడనకోడలు:

మా అత్తగారింట్లో కలంకారీ అచ్చుల పనేనండి. మీరెలాగూ చెక్క అచ్చుల దగ్గరికి వస్తారు, అందుకే ముందే చెప్తున్నాను, మా రంగులు మాత్రం కాగితం మీద వెయ్యకండి. ఇనుము, బెల్లం ఊరబెట్టిన నీళ్లు గుడ్డ మీద నలుపు తిరిగేది ఆ గుడ్డకి ముందే కరక్కాయ పట్టించడం వల్ల. చార్టుకి కరక్కాయ ఎవరు పట్టించారు? పైగా ఆ పులుపూ తుప్పూ కలిసి నాలుగేళ్లలో కాగితాన్ని తినేస్తాయి. టేకు అచ్చుకీ మీ నూనె సిరాయే వాడండి. బల్ల మీద దుప్పటి నాలుగు మడతలేసి, దాని మీద చార్టు పరిచి అద్దండి. గట్టి బల్ల మీదైతే మధ్యలో పడి అంచుల్లో పడదు.

ఇక సాగర్‌గట్టు గారూ, గోల్కొండ సరుకు ఓడెక్కింది మా బందరు రేవులోనే. మీ ఊరికి సముద్రం లేకపోయినా రేవుండేది!

పాతసరంగు, విశాఖ:

అమ్మాయ్, మీ మామయ్య అడిగిందే అసలు ప్రశ్న. చార్టులో అంకెల మధ్య చిన్న అక్షరాలుంటాయి చూడు. ఎస్ అంటే ఇసుక, ఎం అంటే బురద, ఆర్ అంటే రాయి. లంగరు బురదలో బాగా పడుతుంది, రాతి మీద నమ్మలేం. కాబట్టి లంగరు బొమ్మ బురద దగ్గర వెయ్యి. దీపస్తంభం తీరం మీద, తెప్ప ఒడ్డుకి దగ్గర్లో. పీతకి ఇసుక చాలు.

లోతు దేంట్లో ఉందో ముందు చూసుకో. కొత్తవి మీటర్లలో ఉంటాయి, బాగా పాతవి ఫాథమ్‌లలో. ఫాథమంటే భయపడకు, మన జాలర్లు బార అంటారే, చేతులు చాపితే ఆరడుగులు, అదే.

పెన్సిల్ గీత మీద వెయ్యకు. ఆ సున్నా పక్కనున్న నాలుగంకెల కోసం ఎవడో తెల్లారుజామున నిద్ర ఆపుకుని నిలబడ్డాడు. కింద ఎడమ మూల అంచులో ఊదారంగు సిరాతో చేత్తో రాసిన సంవత్సరాలు, నంబర్లు కూడా వదిలెయ్. అవి ఎప్పటికప్పుడు చేసిన దిద్దుబాట్లు. నేనైతే వాటిని ఫ్రేములోకి వచ్చేలా కట్టిస్తాను. ఎవరికైనా ఇచ్చేటప్పుడు ఓడ నడపడానికి పనికిరాదని పెద్దక్షరాలతో రాయి.

అమ్మకం సంగతి నాకు తోచింది చెప్తాను. నీ దగ్గరున్న కాగితం మీద అచ్చేసి ఇవ్వడం వేరు, దాన్ని స్కాన్ చేసి వందల ప్రతులు తియ్యడం వేరు. మన ప్రభుత్వ ప్రచురణలకి కాపీరైట్ 60 ఏళ్లు. రెండోదాని జోలికి పోకు.

అటకసరుకు:

అందరికీ థాంక్స్. సిరాడబ్బా తమ్ముడూ, పందెం నువ్వే గెలిచావు, నాది పచ్ పచ్చే.

నిన్న విశాఖ దగ్గరి చార్టు తీశాను. ఎం అని ఉన్నచోట, 23 అంకె మీద, నీలం లంగరు. అంకె కనిపిస్తోంది. రాత్రి వేస్తే ఈ సాయంత్రానికి వేలికి అంటలేదు. మామయ్య కళ్లజోడు పెట్టుకుని వంగి చూసి, "లోతు సరే, గొలుసేదీ?" అన్నాడు. 23 మీటర్లకి కనీసం ఐదు షాకిళ్లు వదలాలట, షాకిల్ అంటే లంగరు గొలుసు కొలత, ఒక్కోటి 27.5 మీటర్లట. స్కేలు చూసి లెక్క కూడా కట్టాడు. 1:50,000 చార్టు మీద అంత గొలుసూ మూడు మిల్లీమీటర్లు కూడా రాదు.

ఆయనకి చెప్పకుండా లినో మీద నాలుగంగుళాల గొలుసు గీసేశాను. రేపు బడి నుంచి రాగానే చెక్కాలి.