లేహ్‌లో ఎసరు తెర్లుతున్నా బియ్యం ఎందుకు ఉడకడం లేదు?

ప్రశ్న (లేహ్‌లో ఉంటున్న సభ్యుడు):

అందరికీ నమస్కారం. ఉద్యోగరీత్యా మేము నెల్లూరు నుంచి లేహ్‌కు వచ్చి కాపురం పెట్టాము. ఇక్కడ గిన్నెలో ఎసరు పెడితే బాగానే తెర్లుతోంది గానీ, అందులో పోసిన బియ్యం ఎంతసేపటికీ పలుకుగానే ఉంటోంది. కందిపప్పు అయితే బద్దలు బద్దలుగానే మిగిలిపోతోంది. మంట పెంచినా ఫలితం లేదు. కుక్కర్‌లో ఉడుకుతున్నాయి, కాకపోతే నెల్లూరులో కంటే ఎక్కువసేపు ఉంచవలసి వస్తోంది. ఎత్తు ప్రదేశాల్లో నీరు తక్కువ వేడికే మరుగుతుందని చదువుకున్నాను. కానీ కుక్కర్‌కు మూత బిగించి ఉంటుంది కాబట్టి లోపలి వేడి ఎక్కడైనా ఒకటే ఉండాలి కదా? తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి ఇంకొకటి అడుగుతోంది: పీడనం తగ్గితే మరిగే స్థానం తగ్గినట్టే, గడ్డకట్టే స్థానం కూడా తగ్గుతుందా?

జవాబు (భౌతికశాస్త్ర ఉపాధ్యాయిని):

నీటి బాష్పపీడనం, అంటే నీటి నుంచి పుట్టే ఆవిరి కలిగించే పీడనం, బయటి గాలి పీడనంతో సమానమైనప్పుడే నీటి లోపల పుట్టిన బుడగలు అణిగిపోకుండా పైకి రాగలుగుతాయి. మరగడమంటే అదే. సముద్రమట్టం దగ్గర గాలి పీడనం 101.3 కిలోపాస్కల్స్ కాబట్టి అక్కడ నీరు 100 డిగ్రీల సెల్సియస్ వద్ద మరుగుతుంది. లేహ్ సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి గాలి పీడనం 65 కిలోపాస్కల్స్‌కు అటూ ఇటూగా ఉంటుంది కనుక 88 డిగ్రీలకే ఎసరు తెర్లుతుంది. ఆ తర్వాత మీరు ఎంత మంట పెట్టినా ఆ వేడి అంతా గుప్తోష్ణంగా నీటిని ఆవిరి చేయడానికే పోతుంది. ఎసరు ఇగిరిపోతుందే తప్ప బియ్యానికి 88 డిగ్రీలకు మించిన వేడి అందదు. తాగే నీటిని మాత్రం మరిగాక మూడు నిమిషాలు అలాగే కాగనివ్వండి, సరిపోతుంది.

ఇక కుక్కర్ సంగతి. వెయిట్‌ను పైకి లేపేది లోపలి పీడనానికీ బయటి పీడనానికీ ఉన్న తేడా. మన ఇళ్లలోని కుక్కర్లలో ఆ తేడా సాధారణంగా 98 కిలోపాస్కల్స్ దాకా ఉంటుంది. నెల్లూరులో దానికి బయటి గాలి పీడనాన్ని కలిపితే దాదాపు 199 అవుతుంది, అంటే లోపలి నీరు 120 డిగ్రీలకు చేరుతుంది. లేహ్‌లో మొత్తం 163 మాత్రమే కాబట్టి 114 డిగ్రీల దగ్గరే విజిల్ వస్తుంది. మీకు అదనంగా పడుతున్న సమయానికి కారణం ఈ ఆరు డిగ్రీల లోటే.

అమ్మాయి ప్రశ్న నాకు ఎంతో నచ్చింది, ఎందుకంటే అక్కడ నీరు తక్కిన పదార్థాల దారిలో నడవదు. గడ్డకట్టినప్పుడు నీరు సుమారు తొమ్మిది శాతం ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. కాబట్టి పీడనం పెరిగితే తక్కువ చోటు చాలే ద్రవ రూపానికే మొగ్గు ఉంటుంది, గడ్డకట్టే స్థానం తగ్గుతుంది. పీడనం తగ్గితే అది పెరుగుతుంది. ఒక వాతావరణ పీడనానికి వచ్చే మార్పు 0.0075 డిగ్రీ మాత్రమే కనుక లేహ్‌లో ఆ తేడా మీ కంట పడదు. అంటార్కిటికాలో దాదాపు నాలుగు కిలోమీటర్ల మంచు కింద ఉన్న వోస్తోక్ సరస్సులో మాత్రం ఆ బరువు వల్ల నీరు మైనస్ 3 డిగ్రీల దగ్గర కూడా ద్రవంగానే ఉంది.

జవాబు (థర్మల్ విద్యుత్ కేంద్రంలో బాయిలర్ విభాగం ఉద్యోగి):

మీరు నెల్లూరు వారన్నారు కాబట్టి చెబుతున్నాను. పీడనాన్ని పెంచుతూ పోతే మరిగే స్థానం ఎక్కడిదాకా పెరుగుతుందో కృష్ణపట్నం దగ్గర నేలటూరులోని 800 మెగావాట్ల యూనిట్లను చూస్తే తెలుస్తుంది. 22.06 మెగాపాస్కల్స్, అంటే దాదాపు 218 వాతావరణాల పీడనం, 374 డిగ్రీల వేడి కలిసిన చోటును సందిగ్ధ బిందువు అంటారు. ఆ పీడనం దాటాక నీటిని ఎంత వేడి చేసినా బుడగలు రావు, మరగడమనే ఘట్టమే ఉండదు, సాంద్రత క్రమంగా తగ్గుతూ పోతుంది. ఆ యూనిట్లు ఈ పీడనానికి పైనే పనిచేస్తాయి కాబట్టి, పాత రకం బాయిలర్లలో లాగా నీటినీ ఆవిరినీ వేరు చేసే డ్రమ్ము మీద ఆధారపడవు.

జవాబు (ప్రయోగశాలలో పనిచేస్తున్న సభ్యురాలు):

రెండో కొస కూడా అమ్మాయికి చెప్పండి. పీడనాన్ని 611 పాస్కల్స్ దాకా తగ్గిస్తే 0.01 డిగ్రీ వద్ద మంచు, నీరు, ఆవిరి మూడూ కలిసి నిలుస్తాయి. ఈ త్రిక బిందువే 1954 నుంచి 2019 వరకు కెల్విన్ ప్రమాణానికి ఆధారం. అంతకంటే తక్కువ పీడనంలో ద్రవ రూపం నిలవదు, మంచు నేరుగా ఆవిరవుతుంది. అంగారకుడి మీద సగటు పీడనం దాదాపు ఈ హద్దులోనే ఉంది. 2008లో అక్కడ దిగిన ఫీనిక్స్ అంతరిక్ష నౌక తవ్విన గుంటలో కనబడిన మంచు ముక్కలు నాలుగు రోజుల్లో అలాగే ఉత్పతనం చెంది మాయమయ్యాయి.

ఇంట్లో చూడాలంటే సూది లేని ప్లాస్టిక్ సిరంజిలోకి 70 డిగ్రీల నీటిని కొద్దిగా లాగి, గాలినంతా బయటకు నెట్టి, మొనకు బిరడా బిగించి, ముషలకాన్ని గట్టిగా వెనక్కి లాగండి. పొయ్యి లేకుండానే నీరు బుడబుడమని మరుగుతుంది, వదిలేయగానే ఆగిపోతుంది. నీరు వేడిగా ఉంటుంది కనుక మీరు పక్కనే ఉండండి.