రసాయన ఎరువులను వదిలేస్తే ప్రపంచానికి తిండి సరిపోతుందా?

గణాంకి:
1961లో సుమారు 300 కోట్లున్న ప్రపంచ జనాభా నేడు 800 కోట్లు దాటింది. ఈ కాలంలో తృణధాన్యాల ఉత్పత్తి మూడు రెట్లకు పైగా పెరగగా, వాటి సాగు విస్తీర్ణం మాత్రం స్వల్పంగానే పెరిగింది. రసాయన ఎరువులు, మేలైన వంగడాలు, నీటిపారుదల, యంత్రాలు లేకుండా ఇది సాధ్యమయ్యేది కాదు. 2021లో శ్రీలంక ప్రభుత్వం రసాయన ఎరువుల దిగుమతిని ఉన్నట్టుండి నిషేధించి, రైతుల నిరసనలతో కొన్ని నెలలకే వెనక్కి తగ్గింది. అప్పటికే ఆలస్యమైపోయి, వరి దిగుబడి బాగా పడిపోయి, బియ్యాన్ని బయటినుంచి తెచ్చుకోవలసి వచ్చింది. పారిశ్రామిక వ్యవసాయాన్ని తప్పుపట్టేవారు ఈ అనుభవానికి ఏమని సమాధానమిస్తారు?

నాగేటిచాలు:
శ్రీలంక ఉదంతాన్ని నేను తోసిపుచ్చను. 1913లో జర్మనీలోని ఒప్పావులో హేబర్-బాష్ పద్ధతిలో, నత్రజని ఎరువులకు మూలమైన అమ్మోనియా తయారీ మొదలైనప్పటి నుంచి గాలిలోని నత్రజని కర్మాగారం గుండా పంటకు చేరుతోంది. నేటి జనాభాలో దాదాపు సగం మంది ఆహారం దానిపైనే ఆధారపడి ఉందన్న అంచనాతో నాకు పేచీ లేదు. అయితే దిగుబడి పెరిగితే చాలు, ఆకలి తీరిపోతుందన్న మాటే మింగుడుపడడం లేదు. పండిన తృణధాన్యాల్లో మూడో వంతుకు పైగా పశువుల దాణాకే పోతోంది. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం లెక్క ప్రకారం 2022లో ఇళ్లలో, హోటళ్లలో, దుకాణాల్లో వృథా అయిన ఆహారం 105 కోట్ల టన్నులు. ఆ మరుసటి ఏడాది ఆకలితో అలమటించినవారు సుమారు 73 కోట్ల మంది. 1943 నాటి బెంగాల్ కరువును పరిశీలించి ఆర్థికవేత్త అమర్త్యసేన్ వాదించింది కూడా ఇదే: ధాన్యం ఉన్నంత మాత్రాన సరిపోదు, దాన్ని కొనే శక్తి ఉండాలి.

తటస్థుడు:
ఒక దేశంలో చెత్తకుప్పకు పోయే ఆహారం మరో దేశంలోని పేదవాడి కంచంలోకి దానంతట అది నడిచిరాదు. ఉత్పత్తి తగ్గితే ధర పెరుగుతుంది, ధర పెరిగితే మొదట పస్తుండేది మీరు చెప్పిన ఆ కొనే శక్తి లేనివాడే. కాబట్టి సేన్ వాదనను దిగుబడికి వ్యతిరేకంగా నిలబెట్టలేము.

నాగేటిచాలు:
ఈ అభ్యంతరం సరైనదే, నా మాటను సవరించుకుంటాను. నా ఆందోళనంతా ఈ దిగుబడి ఎంత సన్నని ఆధారంపై నిలబడి ఉందన్నదే. 1970లో అమెరికాలో హైబ్రిడ్ మొక్కజొన్న అత్యధిక భాగం ఒకే జన్యులక్షణాన్ని పంచుకోవడం వల్ల, ఆకుమచ్చ తెగులు ఆ ఒక్క ఏడాదే దేశపు పంటలో సుమారు 15 శాతాన్ని తుడిచిపెట్టింది. 2022లో నత్రజని ఎరువుల తయారీకి ముడిసరుకైన సహజవాయువు ధర ఎగబాకగానే ఎరువుల ధరలూ దాని వెంటే పోయాయి. ఇంత ఖర్చుతో వేసిన నత్రజనిలో పంట తీసుకునేది సగానికి అటూ ఇటూగా మాత్రమే. మిగిలినదానిలో కొంత నదుల గుండా సముద్రంలో కలుస్తుంది. అమెరికాలోని మిసిసిపీ నది మోసుకెళ్లిన పోషకాల వల్ల 2017లో మెక్సికో సింధుశాఖలో సుమారు 22,700 చదరపు కిలోమీటర్ల మేర నీటి అడుగున ప్రాణవాయువు కొరవడింది. గణాంకి గారి ప్రశ్నకు నా సమాధానం ఇది: శ్రీలంక తప్పు ఎరువు తగ్గించడంలో లేదు, ఒక్క దెబ్బతో ఆపేయడంలో ఉంది. గాలిలోని నత్రజనిని నేలకు చేర్చే పప్పుజాతి పంటలతో మార్పిడి చేస్తూ, మట్టి పరీక్షను బట్టి దఫదఫాలుగా ఎరువు వేస్తే, పంటకు అందని ఆ సగాన్నే ముందుగా తగ్గించవచ్చు, దిగుబడి తగ్గదు.

గణాంకి:
వృథాను తగ్గించడానికి నాకూ అభ్యంతరం లేదు. అయితే పప్పుజాతి పంట వేసిన కాలంలో ఆ పొలంలో తృణధాన్యం పండదు కదా. ఆ లోటును లెక్కలోకి తీసుకోకుండా దిగుబడి తగ్గదని తేల్చేయడం తొందరపాటు.